చెదరని చుక్క

పాలిష్ పొడి కలిపిన నీళ్లు మరోసారి చిలకరించి, తిరుగుతున్న పళ్లానికి గాజుముక్కను ఆనించింది గాజక్క. గాజుపనిలోనే జుట్టు నెరిసింది కాబట్టి ఆ వర్క్‌షాపులో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. ఆమె చేసేవి మామూలు కటకాలు కావు, శంకువులా మొనదేలిన గాజులు. ఏ వెలుతురైనా దూరం పోయేకొద్దీ పరుచుకుని పలచబడుతుంది. ఈ గాజులోంచి వెళ్లిన లేజరు కిరణం మాత్రం అలా కాదు. నడుమ సూదిమొనంత చుక్క, చుట్టూ వలయాలు. గది ఈ చివర ఎంత సన్నగా ఉంటుందో ఆ చివరా అంతే. గాజు మొన ఏ కాస్త వంకరపోయినా చుక్క చెదురుతుంది.

ఆ చుక్కను చూసి గాజును పాస్ చెయ్యడమూ ఆమె పనే. కొన్నాళ్లుగా ఆ చుక్కే ఆమెకు కనబడడం లేదు. దేన్ని తేరిపార చూసినా నడుమ మసకమచ్చ. మంచాన పడ్డ భర్త నోటికి చెంచా అందించేటప్పుడు అతని చెవులూ నుదురే తెలుస్తున్నాయి. ఇక చెయ్యగలిగిందేమీ లేదన్నాడు డాక్టరు. ఆ సంగతి ఆమె ఇంట్లోనూ చెప్పలేదు, పనిలోనూ చెప్పలేదు. ఇల్లు గడిచేది ఆమె చేతుల మీదే. అంచు వలయాలు గుండ్రంగా ఉంటే నడుమ చుక్కా బాగుంటుందని గుడ్డిలెక్క వేసుకుని నెట్టుకొస్తోంది.

మధ్యాహ్నం కొత్త గాజును బల్లమీద బిగించి, దీపాలార్పి, గది చివర తెల్లఅట్ట ముందు నిలబడింది. లేజరు దగ్గర ఫిట్టరు, ఆమెతో ఏళ్లుగా పనిచేస్తున్నవాడు.

"ఎలా ఉందక్కా?"

వలయాలు కనబడ్డాయి, ఒకదానిలో ఒకటి.

"బాగుంది. చుక్క కదల్లేదు. పాస్ చేసెయ్."

అతను స్విచ్చి మీంచి చెయ్యి తీశాడు.

"అక్కా, నేనింకా లేజరు వెయ్యలేదు."

ఆమె కళ్లు మూసుకుంది. వలయాలు అలాగే ఉన్నాయి.

"పోయినవారం పంపినవి?" అంది చివరికి.

"రెండు వెనక్కొచ్చాయి. నేనే మళ్లీ సరిచేసి పంపాను."

"అయితే నీకు తెలుసు."

"మీరే చెప్తారేమోనని ఊరుకున్నా. ఇకముందు కూడా చుక్క నేను చూస్తాలెండి. మూడోకంటికి తెలియనివ్వను."

ఆమె నవ్వబోయింది.

"ఎన్నాళ్లు తమ్ముడూ? నీ ఉద్యోగానికి కూడా ఎసరు పెట్టనా?"

"మరి ఇంట్లో బావగారి సంగతో?"

ఆమె మళ్లీ అట్ట వైపు తిరిగింది. "లేజరు వెయ్యి. ఇదొక్కటీ చూసి నిజం చెప్పు," అంది.

లేజరు వేసి, అతను అట్ట దాకా నడిచొచ్చాడు. వంగి చూశాడు.

"పక్కకి సాగిందక్కా."

ఆమె తల ఊపింది. గోడ తడుముకుంటూ సూపర్‌వైజరు గదికి వెళ్లింది. ఎంతోసేపు పట్టలేదు. ఆయన జాలిపడ్డాడు, నీళ్లు తెప్పించాడు, కళ్లతో పనిలేని పనేదీ ఇక్కడ లేదన్నాడు. ఆమె బయటకొచ్చి గేటు దాటి, ఎదురుగా వస్తున్న బస్సు నంబరు పక్కనున్న మనిషిని అడగడం ఫిట్టరు కిటికీలోంచి చూశాడు.

మర్నాడు పొద్దున అతను గది తెరిచేసరికి ఆమె వదిలి వెళ్లిన స్వెట్టరు కుర్చీ వెనక వేలాడుతోంది, మోచేతి దగ్గర కుట్టు పిగిలి, ఒక చెయ్యి లోపలికి తిరగబడి.