పడవ పిన్ని ఏ పట్టికలోకి?

నలుగురు బల్ల చుట్టూ చేరి పాచికలు వేస్తూ ఆడుకునే కథల ఆటలు రాయడం ఆమె పని. రాక్షసుల్నీ కోటల్నీ చిటికెలో పుట్టించే ఈ మహారచయిత్రి చేత, కొత్త ఆట అచ్చు వేయడానికి ప్రచురణ సంస్థ పంపిన పదకొండు పేజీల ఒప్పందం మూడు చెరువుల నీళ్ళు తాగించింది.

చివరి పేజీలో రెండు పట్టికలున్నాయి. మొదటి దాంట్లో రాసినవి ఎవరైనా, ఎవర్నీ అడక్కుండా, తమ ఆటల్లో వాడుకోవచ్చు. రెండో దాంట్లోవి బయటివాళ్ళు ముట్టుకోకూడదు. ఆటలోని పాచికల లెక్కలూ, పోరులో తగిలే దెబ్బల లెక్కలూ మొదటి దాంట్లో పడేసి, పడవ పిన్నిని మాత్రం రెండో దాంట్లో భద్రంగా పెట్టింది. ఏరు దాటించినందుకు కూలీగా ఒక అబద్ధం అడిగే ఆ ముసలిది, చిన్నప్పుడు అక్కా తనూ కలిసి కల్పించుకున్న మనిషి. అక్క ఇప్పుడు ఆసుపత్రిలో పిల్లల వార్డు నర్సు. పిన్ని మీద బొమ్మల కథలు గీసి, జిరాక్సులు తీసి, మంచాన పడ్డ పిల్లలకు పంచుతుంది. అలాంటి పిన్నిని ఊరందరి పాలు చేయడానికి రచయిత్రికి మనసొప్పలేదు.

సాయంత్రం అయిదింటికల్లా సంతకం పంపాలి. ఎందుకైనా మంచిదని ప్రచురణ సంస్థ సంపాదకుడికి ఫోన్ చేసి, అక్క పుస్తకాలకు ఇబ్బందేమీ ఉండదు కదా అని అడిగింది. ఉంటుందన్నాడాయన తాపీగా. ఏడో పేజీ చూడమన్నాడు. రెండో పట్టికలోవన్నీ సంస్థ ఆస్తి. అక్కే కాదు, ఆమె కూడా పిన్ని మీద ఇంకో ముక్క రాయాలంటే వాళ్ళ అనుమతి కావాలి. మొదటి పట్టికలో ఉంటే మాత్రం అందరితోపాటు అక్కాచెల్లెళ్ళూ నిక్షేపంగా రాసుకోవచ్చు.

ఆమెకు తల తిరిగిపోయింది. దాచుకుంటే పోతుందట, పంచేస్తే మిగులుతుందట, ఇదెక్కడి గోల? మూడో పట్టిక లేదా అని అడిగింది. లేదు. పిన్నిని తీసేద్దామంటే ఆటే లేదు, ఆ సంగతి ఆమెకే బాగా తెలుసు.

అక్కకు ఫోన్ చేసి, చెప్పిందే అటు తిప్పి ఇటు తిప్పి మూడుసార్లు చెప్పింది.

"ఎవరో పిన్నిని దొంగని చేసి రాస్తే?" అంది అక్క.

"రాయొచ్చు."

"మనం ఆపలేమా?"

"రెండోదాంట్లో పెడితే వాళ్ళు ఆపుతారు, మనల్ని కూడా. మొదటిదాంట్లో పెడితే ఎవరూ ఎవర్నీ ఆపలేరు."

"ఇక్కడ పదో నంబరు మంచం పిల్ల పిన్నికి మీసాలు పెట్టిందే. పడవకి చక్రాలు కూడా. నన్నేమన్నా అడిగిందా?"

"నీకు కోపం రాలేదా?"

"బోలెడు కోపం వచ్చింది. తర్వాత అది చెప్పిన కథ విన్నాను. రేపు ఇంటికెళ్ళిపోతోంది. ఇక పిన్ని మీద రాయకూడదని దానికి నేనెలా చెప్పనే?"

నాలుగున్నరకు ఆమె రెండో పట్టికలో పిన్ని పేరు కొట్టేసి, మొదటి పట్టికలో, దెబ్బల లెక్కల కింద రాసింది. సంతకం పెట్టి పంపేసింది. పంపాక ఏడుపు ముంచుకొచ్చింది. పిన్నిని పోగొట్టుకున్నందుకా, దక్కించుకున్నందుకా అంటే ఆమె ఇప్పటికీ చెప్పలేదు.