చేతులావిడకు సెలవు

"మధ్యాహ్నం భోజనానికి రానని అమ్మకి చెప్పు," అన్నాడు భర్త బూట్లు తొడుక్కుంటూ. అమ్మ పక్క గదిలోనే ఉంది, తలుపు కూడా బార్లా తీసే ఉంది. ఆమె అంట్లు వదిలేసి, సబ్బు చేతులు తుడుచుకుని వెళ్ళి చెప్పింది. మందులు అయిపోయాయని వాడికి చెప్పమంది అత్తగారు. ఆమె వెనక్కి వచ్చి అదీ చెప్పింది. తల్లీకొడుకులు ఎప్పుడో దేనికో అలిగారు. అలక తీరిపోయినా, మధ్యలో కోడలు ఉంది కదా అని పద్నాలుగేళ్ళుగా అలాగే కానిచ్చేస్తున్నారు.

పుట్టింట్లోనూ ఆమెది ఇదే ఉద్యోగం. చెల్లెలికి పుట్టుకతోనే చెవులు వినిపించవు. సంజ్ఞల భాష నేర్చుకునే ఓపిక అమ్మానాన్నలకు లేకపోయింది. "పెద్దది ఉందిగా, అది చెబుతుందిలే," అనేవారు. ఆ చెల్లెలు ఇప్పుడు పేరున్న దర్జీ, బధిరుల హక్కుల సంఘానికి అధ్యక్షురాలు. ఆస్పత్రిలో గానీ పోలీస్ స్టేషన్లో గానీ సంఘంలో ఎవరికి మాట అవసరమైనా అక్కే పరుగెత్తాలి. చేతులతో మాట్లాడుతుందని ఆఫీసుల్లో ఆమెకు చేతులావిడ అని పేరు పడిపోయింది. ఇన్నేళ్ళలో ఒక్క పైసా తీసుకోలేదు. "ఇంట్లో ఖాళీయేగా, నీకూ కాలక్షేపం," అంటాడు భర్త. ఖాళీ అన్న మాట వింటే ఆమెకు ఒళ్ళు మండుతుంది. పొద్దున ఐదింటికి మొదలయ్యే ఆ ఖాళీ ఏమిటో ఒక్కరోజు ఆయన చేతిలో పెట్టి చూడాలనిపిస్తుంది.

జీతమిచ్చి ఇద్దరు దుబాసీలను పెట్టుకోవడానికి సంఘం నాలుగేళ్ళుగా ప్రభుత్వ నిధికి దరఖాస్తు పెడుతోంది. నాలుగుసార్లూ కొట్టేశారు. "సదరు సేవ ఒక గృహిణి ద్వారా ఉచితముగా లభ్యమగుచున్నందున నిధులు అవసరము లేదు" అని ఏటా అదే వాక్యం. దాన్ని సంఘం వాళ్ళందరికీ సంజ్ఞల్లో చదివి చెప్పింది ఆ గృహిణే. అప్పుడు సిగ్గేసింది గానీ, అసలు సంగతి తలకెక్కింది మాత్రం పోయిన నెలలో. అత్తగారి తరఫు చుట్టాలొచ్చి ఆమె వంటింట్లో చిక్కుకుపోయిన రోజున, సంఘంలోని ఒక పిల్ల కాన్పుకి వెళ్ళింది. ఆపరేషన్ చేస్తున్నామని ఆ పిల్లకి తెలియజెప్పే మనిషి లేడు. మత్తుమందు ముసుగు మొహం మీదికొస్తుంటే తనను చంపేస్తున్నారనుకుంది. బిడ్డా తల్లీ క్షేమమే. అయినా చేతులావిడకు మూడు రోజులు ముద్ద దిగలేదు. తను ఉచితంగా దొరుకుతున్నన్నాళ్ళూ ఈ పని చేసే రెండో మనిషి రాడని అప్పుడు అర్థమైంది.

ఆ మాటే చెల్లెలితో చెప్పుకుంది. చెల్లెలు నోట్లోని గుండుసూదులు తీసి పక్కన పెట్టి, సంజ్ఞల్లో ఒకే ఒక్క మాట అంది. "అయితే ఈసారి నీ చేతులు ఒళ్ళో పెట్టుకో."

ఇవాళే విచారణ. పొడుగాటి బల్లకు అటు కమిటీ వాళ్ళు ఐదుగురు, ఇటు అక్కాచెల్లెళ్ళు, వెనక కుర్చీల్లో సంఘం సభ్యులు. ఆ కాన్పు పిల్ల కూడా బిడ్డను ఎత్తుకుని వచ్చింది. కమిటీ పెద్ద ఎప్పటిలాగే చెల్లెలి వైపు చూడకుండా, "మీ చెల్లెలు ఏమంటుందమ్మా?" అని అక్కను అడిగాడు.

చెల్లెలు లేచి చెప్పడం మొదలుపెట్టింది. చేతులావిడ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

"చెప్పండమ్మా," అన్నాడు పెద్ద.

"ఇవాళ నాకు సెలవండి," అంది ఆమె.

చెల్లెలు ఆపలేదు. ముసుగు, భయం, బిడ్డ, అన్నీ ఆమె చేతుల్లో కదులుతున్నాయి, గదిలో మాత్రం చప్పుడు లేదు. ఒకాయన నవ్వబోయి మానుకున్నాడు. ఇంకొకాయన కాగితాలు సర్దినవే మళ్ళీ సర్దాడు. అక్క వేళ్ళు అలవాటు కొద్దీ లాగుతున్నాయి. వాటిని గట్టిగా అదిమి పట్టింది. జీవితంలో ఇంత కష్టమైన పని ఆమె ఎప్పుడూ చేయలేదు. పది నిమిషాలకు చెల్లెలు దణ్ణం పెట్టి కూర్చుంది.

పెద్దాయన మొహం తుడుచుకున్నాడు. "ఇంతసేపూ ఏం చెప్పిందమ్మా?"

"అది తెలుసుకోవడానికేనండీ, నాలుగేళ్ళుగా మేము నిధులు అడుగుతున్నది."

పెద్దాయన ఫైలు దగ్గరికి లాక్కుని, ఏటా కొట్టేసే చోట ఏదో రాసి సంతకం పెట్టాడు. ఆ ఫైలును ఈసారి చెల్లెలి ముందుకు జరిపాడు. "మంజూరు" అన్న మాట చదివిందో లేదో, ఆమె రెండు చేతులూ పైకెత్తి ఆడించింది. వెనక నలభై జతల చేతులు లేచాయి. బధిరుల చప్పట్లకు చప్పుడుండదు. చేతులావిడ కూడా చేతులెత్తింది, ఈసారి ఎవరి మాటో మోయడానికి కాదు, పట్టలేనంత సంతోషంతో.

సాయంత్రం సంగతి విని భర్త తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "మంచిదేలే, జీతానికి ఎవరో వస్తారు. ఇక నీకు తిరిగే పని లేదు."

"ఇద్దరిని తీసుకుంటారట. ఎంపిక పరీక్షకి నేనూ కూర్చుంటున్నా," అంది ఆమె.

ఆయన పేపరు అటూ ఇటూ తిప్పి, "సరేగానీ, రేపు మందులు తెస్తానని అమ్మకి చెప్పు," అన్నాడు.

ఆమె కుర్చీలో వెనక్కి వాలి, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది.

"అత్తయ్యగారు పక్క గదిలోనే ఉన్నారు. ఆవిడకి చెవులు బాగానే వినిపిస్తాయి. మీరే చెప్పండి."