ముగ్గురికి చాలని బొమ్మ

నేను ఒక నల్లటి పెట్టెను. నగలు దాచుకునే పెట్టెనూ కాను, ఓట్లు వేసే పెట్టెనూ కాను. మేడ మీది డిష్ ఆకాశం నుంచి అందుకున్న బొమ్మను తీసుకుని హాల్లో టీవీకీ, వై-ఫై మీదుగా ఇంట్లోని ఫోన్లకూ ట్యాబులకూ పంచిపెట్టడం నా వృత్తి. వృత్తి అని గొప్పగా చెప్పుకుంటున్నాను గానీ, ఇప్పుడు నేనున్నది పెద్దాపురంలో నూకరాజు రిపేరు కొట్టులో, పాత రిమోట్ల పక్కన ఒక ప్లాస్టిక్ బుట్టలో. నా ఒంట్లో పనికొచ్చే ముక్కలు ఒక్కొక్కటే ఊడదీసి అతను వేరే పెట్టెలకు వేస్తున్నాడు. మొన్ననే నా ఎర్రలైటు పీకాడు. మిగతావి కూడా పీకేలోపు నా గోడు చెప్పుకుంటాను. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నన్ను పాడు పెట్టె అన్నారు. నిజానికి అప్పుడు నాలో ఏ పాడూ లేదు.

నేను పుట్టింది ఎక్కడో ఊరి చివరి షెడ్డులో. తలకు టోపీలు పెట్టుకున్న ఆడపిల్లలు వరసగా కూర్చుని నాలాంటి వాటికి ప్రాణం పోసేవారు. నా మూత బిగించిన పిల్ల సరిగ్గా అప్పుడే తుమ్మింది. ఒంటితుమ్ము. బయలుదేరేటప్పుడు ఒంటితుమ్ము మంచిది కాదంటారు. నాకు శకునాల మీద నమ్మకం లేదు గానీ, తరువాత నేను తిన్న దెబ్బలు తలుచుకుంటే అప్పుడప్పుడూ ఆ తుమ్ము గుర్తుకొస్తుంది.

నన్ను కొన్నది హిమజ. పట్టుచీరల కొట్టు ముత్యాలరావుకు ఒక్కగానొక్క కూతురు. బ్యాంకులో ఉద్యోగం రాగానే మొదటి జీతంతో నన్ను ఇంటికి తెచ్చింది. అమ్మ వంట చేసుకుంటూ సీరియల్ చూసుకోవచ్చు, నాన్న మేడ మీద గదిలో నడుం వాల్చి క్రికెట్ చూసుకోవచ్చు, ఎవరి గోల వాళ్ళది అని ఆమె ఆలోచన. తల్లి మంగతాయారు నన్ను చూసి మురిసిపోయింది. కొత్త వస్తువు కదా అని నాకు పసుపు రాసి, నుదుటి మీద ఇంత కుంకుమ బొట్టు పెట్టింది. ఆ నుదుట్లోనే ఉంది రిమోటును చూసే నా కన్ను. కన్ను మూసేశాక రిమోటు ఎంత నొక్కితే మాత్రం నాకేం తెలుస్తుంది? కాపురానికి వచ్చిన రోజే పనికిమాలిన సరుకు అనిపించుకున్నాను. కాసేపు అందరూ కిందామీదా పడ్డాక హిమజ సంగతి కనిపెట్టి, పకపకా నవ్వి, ఆ బొట్టు తుడిచి నా నెత్తి మీద పెట్టింది. తల్లి ట్యాబుకు ‘అమ్మ’ అనీ, తండ్రి ఫోనుకు ‘నాన్న’ అనీ నాలో పేర్లు రాసింది. ఒక జాగ్రత్త కూడా చెప్పింది. ఇది ఒకేసారి ఇద్దరికే బొమ్మ ఇస్తుంది, మూడోవాళ్ళు కూడా పెట్టారంటే ఎవరికీ సరిగా రాదు అని.

“ఈ ఇంట్లో మూడోది ఎవరు చూత్తారే,” అని ముత్యాలరావు తీసిపారేశాడు.

రెండేళ్ళు నా బతుకు నల్లేరు మీద బండిలా నడిచింది. ఆ తరువాత హిమజ బ్యాంకు ఉద్యోగం వదిలేసి, హైదరాబాదులో ఒక వార్తల చానల్లో చేరింది. చేరినట్టు ఇంట్లో చెప్పలేదు. చెబితే ఒప్పుకోరని, కాస్త కుదురుకున్నాక చెబుదామని వాయిదా వేసింది. కానీ టీవీలో కనపడే ఉద్యోగం ఎన్నాళ్ళు దాగుతుంది? ఒక పొద్దున్న కొట్లో చీరలు చూడటానికి వచ్చిన ఆడవాళ్ళు, మీ అమ్మాయిని వార్తల్లో చూశామండీ, మోకాలి లోతు బురదలో మైకు పట్టుకుని నిలబడిందీ, అని పరాచికాలాడారు. ముత్యాలరావు చేతిలో చీర మడత అలాగే ఉండిపోయిందట. ఊరందరికీ తెలిశాక తనకు తెలిసిందే అన్నది ఆయన బాధ. ఆ బాధ బయటికి వచ్చేటప్పటికి కోపమైంది. ఆ వారమే బావమరిది ఇంటి గృహప్రవేశంలో, పది మంది చుట్టాల మధ్య, నా ఇంట్లో దాని మొహం టీవీలో కనపడదు అని అనేశాడు. ఇంటికి వచ్చి, హాల్లో టీవీలో ఆ చానల్‌కు నాలుగంకెల తాళం వేశాడు. ముత్యాలరావు ఆడిన మాట తప్పడని పెద్దాపురం బజారంతా చెప్పుకుంటుంది. పేరు పడ్డ మనిషికి ఆ పేరే సంకెల.

కూతురు తండ్రికి తగ్గదే. తల్లి దొంగచాటుగా ఫోను చేస్తే, “నాన్నకి తెలీకుండా నాతో మాట్లాడొద్దమ్మా. ఆయన మాట్లాడిన్రోజే మాట్లాడుకుందాం,” అని చెప్పేసింది. ఆ తరువాత తల్లి నంబరు చూస్తే ఫోను ఎత్తడం మానేసింది. అటు మొగుడు, ఇటు కూతురు, మధ్యలో నలిగిపోయింది మంగతాయారు. పిల్ల ఎలా ఉందో తెలుసుకోవడానికి ఆవిడకు మిగిలిన ఆధారం నేనొక్కదాన్నే.

ముత్యాలరావు వేసిన తాళం హాల్లో టీవీకే పనిచేస్తుంది. ఫోన్లకూ ట్యాబులకూ దాంతో సంబంధం లేదు. ఆ సంగతి మంగతాయారు వారం తిరక్కుండానే కనిపెట్టింది. సాయంత్రం ఏడు గంటల వార్తలకు వంటింట్లో ఉప్పు జాడీకి ట్యాబు ఆనించి, శబ్దం బాగా తగ్గించి, కూరలో గరిటె తిప్పుతూ కూతుర్ని చూసుకునేది. చిక్కిపోయింది అనుకునేది. ఆ జుట్టేమిటి, నూనె రాసుకోదా అనుకునేది. ఒకరోజు హిమజ చేతికి కట్టు కనిపించింది. ఏం తగిలిందో అడగడానికి లేదు. ఆ రోజు పప్పు మాడింది.

ఆవిడకు తెలియనిది నాకు తెలుసు. సరిగ్గా ఆ వేళకే ముత్యాలరావు కొట్టు గుమాస్తాకు వదిలి ఇంటికి వచ్చేవాడు. హాల్లో టీవీ పెట్టి, పురాణ ప్రవచనం గట్టిగా వినిపించేలా చేసి, చప్పుడు కాకుండా మేడ మీదికి పోయేవాడు. గది తలుపు వేసుకుని, చెవుల్లో వైర్లు పెట్టుకుని, ఫోనులో అదే చానల్ చూసేవాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడటం లేదనుకుంటుందట. ఇక్కడ రెండు పిల్లులు, ఒకటే గిన్నె. హాల్లో పురాణం మోగుతుంటే తన చప్పుడు ఆయనకు వినపడదని ఆవిడ ధైర్యం. తను హాల్లోనే ఉన్నాడని ఆవిడ అనుకుంటుందని ఆయన ధైర్యం. ఇక నా సంగతి ఎవరు ఆలోచిస్తారు? హాలుకు ఒకటి, అమ్మకు ఒకటి, నాన్నకు ఒకటి. ఇద్దరికి వండిన అన్నం ముగ్గురి ముందు పెట్టమంటే నేనేం చేయను? హిమజ నోరు తెరిచి ఒక మాట మొదలుపెట్టేసరికి మూడు చోట్లా బొమ్మ ఆగిపోయేది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండేది. ఆ తల్లీ తండ్రీ చెరో చోట ఆ ఆగిన ముఖాన్నే చూస్తూ కూర్చునేవారు. నాకు చాలా బాధగా ఉండేది.

హిమజ చెప్పిన జాగ్రత్త ఇద్దరికీ గుర్తుంది. హాలుదొకటి, నాదొకటి, రెండే కదా అని ఎవరి లెక్క వాళ్ళు వేసుకునేవారు. పైకి మాత్రం ఇద్దరూ పురాణం గురించే దిగులుపడేవారు.

“మళ్ళీ ఆగిపోయిందేంటే ఇది,” అనేవాడు ఆయన, అడుగు చప్పుడు లేకుండా మెట్లు దిగివచ్చి.

“అవునండీ, పాపం, మంచి ఘట్టంలో ఆగిపోయింది,” అనేది ఆవిడ. ఏ ఘట్టమో ఇద్దరికీ తెలియదు.

అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు నా వీపున రెండు పడేవి. టీవీ తాలూకు ఏ వస్తువునైనా కొడితే బాగవుతుందని ఈ మనుషులకు ఎవరు చెప్పారో గానీ, వాళ్ళు కనపడితే నాకు కొన్ని ప్రశ్నలున్నాయి.

నూకరాజును పిలిపించారు. మొదట నేరం పావురాల మీద పడింది. డిష్ వెనక అవి పెట్టుకున్న గూడు తీసేశారు. తరువాత నాకూ రూటరుకూ మధ్య వైరు ఎలక కొరికిందని కొత్తది వేశారు. రూటరు బీరువా మీద ఇత్తడి బిందెల వెనక దాక్కుందని దాన్ని దించి కిటికీలో పెట్టారు. అన్నీ నిజంగా చేయాల్సిన పనులే, కాదనను. కానీ నూకరాజు వచ్చేది పగటిపూట. అప్పుడు చూసేవాళ్ళే ఉండరు కనుక బొమ్మ అద్దంలా వచ్చేది. డాక్టరు గుమ్మంలో అడుగుపెట్టగానే జ్వరం తగ్గినట్టు నేను తగ్గిపోయేదాన్ని, అతను వెళ్ళగానే మళ్ళీ మొదలు.

చివరికి అతను విసుగెత్తి ఒకసారి ఏడు గంటలకే వచ్చాడు. ఆ పూట కూడా వార్తలు వదులుకోలేక ఆయన గుమ్మం పక్కన నిలబడి ఫోనులో వార్తలు పెట్టి జేబులోంచి దొంగచూపులు చూస్తున్నాడు, ఆవిడ ట్యాబు వంటింట్లో నడుస్తూనే ఉంది. నూకరాజు తన ఫోనులో నా లోపలి లెక్కంతా తీశాడు.

“ముగ్గురు లాగుతున్నారండి. హాలొకటి. మిగతా రెండిటి పేర్లేమో...”

వంటింట్లోంచి గట్టిగా దగ్గు వినిపించింది. అదే క్షణంలో ముత్యాలరావు, ముందు టీ తాగవయ్యా అని అతని భుజం మీద చెయ్యి వేశాడు. నూకరాజు ఒకరి మొహం చూశాడు, ఇంకొకరి మొహం చూశాడు. పెళ్ళాం బిడ్డలున్నవాడు, మొగుడూ పెళ్ళాల మధ్య తల దూర్చే రకం కాదు. ఎవరో పక్కింటోళ్ళు మీ వై-ఫై వాడేసుకుంటున్నారండి అని నెపం వాళ్ళ మీద నెట్టి, పాస్‌వర్డు మార్చేసి, హాలు టీవీ ఒక్కటే నడిచేలా చూసి వెళ్ళిపోయాడు. ఆ మర్నాడు ఆయన కొట్లోంచీ, ఆవిడ పెరట్లోంచీ విడివిడిగా అతనికి ఫోను చేసి కొత్త పాస్‌వర్డు అడిగారు. ఇంట్లో చెప్పొద్దని ఇద్దరూ ఒకే మాట అన్నారు. ఈ సంగతి నేనీ బుట్టలోకి వచ్చాక, నూకరాజు ఎవరికో చెబుతుంటే విన్నాను.

ఇంతలో తుఫాను వచ్చింది. ఆ సాయంత్రం మా ఊళ్ళో వాన ఇంకా మొదలు కాలేదు. గాలి మాత్రం మేడ మీది బట్టలతాడు తెంపేసింది. వార్తల్లో హిమజ ఉప్పాడ ఒడ్డున నిలబడి ఉంది. పసుపుపచ్చ వానకోటు, చేతిలో మైకు. వెనక సముద్రం రోడ్డెక్కుతోంది. వలల గుడిసె ఒకటి పొద్దున్నే కొట్టుకుపోయిందని చెబుతూ, ఆ చోటు చూపించడానికి ఆమె వెనక్కి తిరిగింది. ఆమెకంటే ఎత్తున ఒక అల లేచింది. అక్కడ బొమ్మ ఆగిపోయింది.

నా బతుకులో అంత భయం ఎన్నడూ పడలేదు. తరువాతి బొమ్మ నా కడుపులోనే ఉంది, ఇవ్వడానికి చేతులు లేవు. మంగతాయారు ట్యాబును తట్టింది, గీకింది, కళ్ళకద్దుకుంది. అల అలాగే నిలబడి ఉంది. ఆవిడ ఇక దాపరికాలన్నీ మరిచిపోయింది. మొగుడు తిడితే తిట్టనీ, ఆ హాలు టీవీ కట్టేస్తే తనకు బొమ్మ వస్తుంది అనుకుంటూ, ట్యాబు చేత్తో పట్టుకుని హాల్లోకి పరుగెత్తింది. కుర్చీలో ఎవరూ లేరు. పురాణం చెప్పే ఆయన చెయ్యెత్తి ఆగిపోయి ఉన్నాడు. ఆవిడ స్విచ్చి ఆపేసింది.

ఇద్దరే మిగిలారు. నాకు ఊపిరి వచ్చింది. అప్పుడే మేడ మెట్ల మీద దబదబా అడుగులు వినిపించాయి. బొమ్మ ఆగిందని గది తలుపు తీసినవాడు, హాల్లో టీవీ వెలుగు ఆరిపోవడం చూసి, గుట్టు బయటపడుతుందన్న కంగారులో ముత్యాలరావు ఫోను పట్టుకుని దిగివస్తున్నాడు. తొందరలో ఫోనులోంచి ఊడిన చెవి వైరు మెడ కింద వేలాడుతోంది.

“నేను బాగానే ఉన్నాను, కెమెరా తడిసింది,” అంది హిమజ తల్లి చేతిలోంచి.

“నేను బాగానే ఉన్నాను, కెమెరా తడిసింది,” అంది ఒక క్షణం ఆలస్యంగా తండ్రి చేతిలోంచి.

ఇద్దరూ మెట్ల దగ్గర నిలబడిపోయారు. కూతురి గొంతు ప్రతి మాటా రెండుసార్లు చెబుతుంటే ఇంకేం దాస్తారు? కాసేపటికి ముత్యాలరావు టీవీ పెట్టాడు. కళ్ళజోడు వెతుక్కోకుండానే నాలుగంకెలూ నొక్కి తాళం తీశాడు. మళ్ళీ బొమ్మ ఆగింది.

“నీది కట్టెయ్. నాదీ కట్టేత్తాను,” అన్నాడు మెల్లగా.

కట్టేశారు. ఒకే సోఫాలో కూర్చున్నారు. పెద్ద తెర మీద హిమజ ఒక్క తొణుకూ లేకుండా మాట్లాడుతోంది. చేతి మీద పాత గాయం మచ్చ కూడా కనిపించింది. మంగతాయారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అన్నాళ్ళ తరువాత నా పని నేను చక్కగా చేస్తున్నాననుకున్నాను. ఆ సంబరం ఎంతోసేపు లేదు. ఉప్పాడలో ఆమెను తడిపిన మబ్బే మా ఊరి మీదికి వచ్చింది. వాన దబ్బున పడింది. డిష్‌కు ఆకాశం అందలేదు. హిమజ ముఖం గళ్ళు గళ్ళుగా చెదిరి, తెర నీలంగా మారి, ‘సిగ్నల్ లేదు’ అన్న అక్షరాలు మిగిలాయి.

ముత్యాలరావు లేచి వచ్చి నన్ను కొట్టాడు. రెండోసారి ఎత్తిన చెయ్యి నా నెత్తిన వాలి అక్కడే ఉండిపోయింది. వెనక నుంచి మంగతాయారు అంది.

“నేను చేత్తే ఎత్తదండీ.”

ఆయన తన ఫోను తీశాడు. మొదటిసారి మోగి మోగి ఆగిపోయింది. గుమ్మం దాకా వెళ్ళి, తిరిగి వచ్చి, మళ్ళీ చేశాడు. ఈసారి అవతల ముందు గాలి వినిపించింది.

“నాన్నా? ఏమైంది? అమ్మ బావుందా?”

“అమ్మ బానే ఉంది. నీ బొమ్మ ఆగిపోయిందమ్మా.”



“మీరు చూస్తున్నారా?”

ఆడిన మాట తప్పని మనిషి ఒకసారి భార్య వంక చూశాడు.

“రోజూ చూత్తన్నాను. నీళ్ళు నీ వెనకమాలే ఉన్నాయి. కాత్త ఇవతలికి రా తల్లీ.”

ఆమె ఏమన్నదో నేను వినలేదు. అప్పుడే పిడుగు పడింది. డిష్ వైరు వెంట వచ్చిన మంట నా లోపలంతా మాడ్చేసింది. ఆ తరువాత ఆమె ఇంటికి వచ్చిందో, తండ్రీ కూతుళ్ళు మళ్ళీ పోట్లాడుకున్నారో నాకు తెలియదు. ఆ ఇంటికి కొత్త పెట్టె వచ్చిందనీ, అది ఒకేసారి నలుగురికి ఇస్తుందనీ, అయినా ఏడు గంటలకు వాళ్ళింట్లో ఒక్క టీవీయే నడుస్తుందనీ నూకరాజు అంటుంటాడు.

బతికినన్నాళ్ళూ బొమ్మ ఆపుతున్నానని తిట్లు తిన్నాను. ఆ సాయంత్రం బొమ్మ ఆగకుండా వచ్చి ఉంటే, ఆయన దాన్నే చూస్తూ కూర్చునేవాడు, ఆ ఫోను చేసేవాడు కాదు. నిన్న నూకరాజు నా మూత విప్పి పక్కన పెట్టాడు. దాని మీద హిమజ పెట్టిన కుంకుమ మరక ఇంకా ఉంది. గుడ్డ తడిపి తుడిచి చూశాడు, పోలేదు. మూత మాత్రం బాగానే ఉందని వేరే పెట్టెకు పెట్టుకున్నాడు.