ఆమె కాళ్లకు అందేలా

పరాయి దేశపు నేతపనివాళ్లతో రాకపోకలకు ప్రభుత్వమిచ్చే గ్రాంటు కోసం నా భార్య ఏటేటా అర్జీ పెట్టింది. ఆమె పోయాక మంజూరైంది. అధికారి ఇంటికొచ్చాడు.

“బాబాయిగారూ, సీటు మురిగిపోతుంది. పిన్నిగారి బదులు మీరెళ్లండి.”

“ఆవిడ నేస్తుంటే నూలు కండెలు చుట్టిచ్చేవాణ్ణి. నాకు నేత రాదు.”

“ఎవరు చూడొచ్చారు? నాలుగు ఫోటోలు దిగి రండి.”

“ఫోటోలకైతే నువ్వే పో నాయనా.”

“నిరుడు ఆ దేశం నుంచి వచ్చి మీ ఇంట్లో ఉండి నేతా, మన మాటా నేర్చుకెళ్లిన అమ్మాయి, పిన్నిగారి పొట్టికాళ్లకు అందేలా అక్కడ మగ్గం తొక్కుడు చెక్కలు ఎత్తించి ఎదురుచూస్తోందట.”

“ఆవిడ పోయిందని చెప్పలేదా?”

“చెబితే గ్రాంటు వెనక్కిపోతుందని ఆగాం.”

అతని ఫోనులోనే ఆ అమ్మాయికి చెప్పాను. చాలాసేపు ఏడ్చింది. చెక్కలు అలాగే ఉంచుతానంది.

కూర్చునే మనిషే లేనప్పుడు ఎందుకు, దించెయ్యమ్మా అన్నాను.