పెరిగిందన్న మాట

బస్సు ఇంకా రాకుంటే బాగుండు, టైరు పంచరయినా బాగుండు, వజ్రకరూరు నుంచి అనంతపురం వచ్చే బస్సులన్నీ ఈ ఒక్కరోజు దారిలోనే ఆగిపోతే ఎవరి సొమ్మేం పోతుంది, నా పెండ్లాం మారెమ్మ అందులోనే వస్తోంది, ఒళ్లో డబ్బా పెట్టుకుని, డబ్బాలో పూర్ణం పెట్టి కాల్చిన బెల్లం ఓళిగలు, రక్త క్యాన్సర్‌తో ఆసుపత్రిలో పడి ఉన్న కూతురు బాగుపడుతోందని చేసిన ఓళిగలు, ఆమెకు చెప్పింది నేనే, ఒరే శ్రీరంగప్పా, నీ నోరు పడిపోను అని నన్ను నేనే తిట్టుకుంటున్నా, పొద్దున ల్యాబు కిటికీ దగ్గర అక్కడ పనిచేసే పిల్ల రక్తపరీక్ష కాగితం ఇస్తూ ఎల్‌డీహెచ్ బాగా పెరిగిందన్నా అంది, పెరిగింది అన్న మాట చెవిన పడగానే ఇంకేమీ అడగలేదు, అక్కడి నుంచే ఫోన్ చేశాను, మన ఈశ్వరికి రక్తం పెరిగిందంట మే, అవతల మారెమ్మ సంతోషం పట్టలేక ఏడ్చేసింది, దేవుడు కండ్లు తెరిచినాడప్పా, ఓళిగలు చేసుకోని వస్తాండా అంది.

పెరగడం చెడ్డదని నాకెవరు చెప్పారు, మా నేల మీద ఎండ తప్ప పెరిగి చేటు చేసిందేముంది, బోరులో నీళ్లు పెరిగితే పండగ, శనక్కాయ ధర పెరిగితే పండగ, ఈశ్వరి చిన్నప్పుడు గోడకు ఆనుకుని నిలబడి నేను పెరిగినానా చూడు నాయనా అనేది, వాన పడ్డ మర్నాడు ఎవరెవరో వచ్చి మా చేనులో వజ్రాలు వెతుక్కుంటుంటే వాళ్ల వెంట పడి తిరిగి, ఏదో గాజుపెంకు తెచ్చి నా చేతిలో పెట్టేది, ఇది నీకే నాయనా, ఫోన్ పెట్టేసి ఆ కాగితం తీసుకుపోయి ఇస్తే డాక్టరమ్మ చదివింది, చూడప్పా, చెడ్డ కణాలు ఎక్కువయ్యేకొద్దీ ఈ ఎల్‌డీహెచ్ పెరుగుతుంది, మందు పనిచేసింటే తగ్గల్ల, తగ్గలేదు, రక్తంలో ఆ కణాలు మళ్లా కనిపిస్తాండాయి, ఇట్లాంటోళ్లకు ఆశ తక్కువ, ఇంకో మందు ఇస్తాం గానీ నీకు అబద్ధం చెప్పను, అంటే పెరిగితే మంచిది కాదామ్మా అని అడిగాను, ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

వార్డులోకి పోతే మంచం మీద నుంచి ఈశ్వరి, ఏమన్నారు నాయనా, తగ్గిందా, డిగ్రీ చదివే పిల్ల, దానికి తగ్గాలనే తెలుసు, నాకే తెలియలేదు, ఇంకా చూస్తాండారమ్మా అన్నాను, సరేలే, ఓళిగలు తెస్తాండానని అమ్మ ఫోన్ చేసింది, యాడిదాకా వచ్చిందో, ఓళిగలంటేనే ఆకలయితాంది అని నవ్వింది, ఆ నవ్వు చూడలేక బస్టాండుకు వచ్చి పడ్డాను.

బస్సు వచ్చేసింది, కిటికీలో మారెమ్మ, తలలో పూలు పెట్టుకుంది, బిడ్డకు జబ్బు చేశాక ఇదే మొదలు, ఏమప్పా అట్లా నిలబడినావు, ఈ డబ్బా పట్టుకో, ఇంకా వెచ్చగా ఉండాది, పట్టుకున్నాను, పాప ఎట్లుండాది అంటోంది, డాక్టరమ్మకు తెలుసు, నాకు తెలుసు, బిడ్డకూ తెలుసేమో, ఈ లోకంలో నా కూతురు బతికి బట్టకట్టేది ఇంక ఒక్క ఈమె మనసులోనే, అక్కడ కూడా దాన్ని చంపాల్సింది నేనే.