మామగారి ఒంటికాలి పరీక్ష

నాకు పెళ్లై నలభై రెండు రోజులు. అప్పుడే ఇంట్లో గురువుగారినైపోయాను.

మామగారు బోర్డులు రాసే పెయింటరు. అరవై ఎనిమిదేళ్లు. మా పెళ్లికి వారం ముందు నిచ్చెన రెండో మెట్టు మీంచి జారి, తిన్నగా నీలం రంగు డబ్బాలో కూర్చున్నారు. ఎముకలు దక్కాయి, ప్యాంటు దక్కలేదు. అత్తగారు నిచ్చెనను బాల్కనీ ఊచలకు గొలుసుతో కట్టేసి తాళం వేశారు.

"పది అంకెలు లెక్కపెట్టేదాకా ఒంటికాలి మీద నిలబడండి, తాళంచెవి ఇస్తా."

పనిలేక మామగారు వంటింట్లో ఉప్పు డబ్బా మీద మూడు రంగుల్లో, నీడలతో సహా 'ఉప్పు' అని రాశారు. చూస్తే జాలేసింది. కాలేజీలో నేర్చుకున్న యోగా బయటకు తీశాను. తోడుగా ఉంటానని వచ్చిన మా ఆయన మొదటి రోజే సోఫా మీద పడ్డాడు. పడ్డా ముద్దుగానే ఉన్నాడు.

మూడు వారాలకు మామగారి మోకాళ్లు దారికొచ్చాయి. కుర్చీలోంచి లేస్తూ తీసే రాగం ఆగిపోయింది. కానీ కాలెత్తి, ఎదుటి గోడకు నేను తగిలించిన ఆసనాల పటం చూడగానే తూలిపోయేవారు.

"ఒకేచోట చూడండి మామయ్యగారూ!"

"ఎక్కడ చూడనమ్మా? ఆ 'స' చూడు, పక్క అక్షరం నెత్తినెక్కింది. ఎవడు రాశాడో, చేతులు విరిచెయ్యాలి!"

లోపం కాళ్లది కాదన్నమాట. పటం తీసేశాను. ఆయనే కుంచెతో గోడమీద చుక్క పెట్టుకుని, కాలెత్తి, స్తంభంలా నిలబడ్డారు.

ఆదివారం పరీక్ష. అత్తగారు లెక్క మొదలుపెట్టారు.

"ఒకటి... ఒకటిన్నర..."

"ఒకటిన్నరేమిటే! బట్ట కొలుస్తున్నావా?"

ఎనిమిది. తొమ్మిది. అక్కడ ఆగిపోయారు. మామగారు కదల్లేదు.

"పది అనవే."

"అనను. అంటే ఎక్కేస్తారు."

మామగారు ఒంటికాలి మీదే ఉన్నారు. నా లెక్కలో ముప్ఫై దాటింది. మా ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఎక్కకపోతే నేనేం చెయ్యాలే? రాయడానికి ఇక పప్పు డబ్బా ఒక్కటే మిగిలింది."

అత్తగారు ముక్కు తుడుచుకున్నారు. "పది. కానీ కింద నిచ్చెన నేనే పట్టుకుంటా."

"నడుం నొప్పని మంచం దిగవు, నువ్వేం పడతావు?"

అత్తగారు తాళంచెవి ఆయన చేతిలో పెట్టి నా వైపు తిరిగారు.

"రేపు ఎన్నింటికమ్మా క్లాసు?"