బ్రాహ్మీ ముహూర్తంలో దాడి

మా పూజగదిలో దేవుని పీఠం పక్కన ఒక నల్లని కంప్యూటరు పెట్టె ఉండేది. మేము రికార్డు చేసి దాచుకున్న గురునాథంగారి కంఠస్వరం అందులో ఉండేది. రైల్వేలో గార్డుగా పనిచేస్తూనే రాయ్‌పూర్ తెలుగువారికి ఏళ్ల తరబడి పురాణం చెప్పిన మహానుభావుడాయన. గొంతుకు శస్త్రచికిత్స జరిగిన నాటినుండి ఆయనకు మాట లేదు. ఇక ఆయన పద్యం వినబడితే ఆ పెట్టెలోనుండే వినబడాలి. ఆరంగ్‌లో స్థిరపడినవారు, ధర్సీవా కర్మాగారాలలో పనిచేసేవారు, టాటీబంధ్ లారీ ఆఫీసుల గుమాస్తాలు, అందరూ తెల్లవారుజామున ఫోను తెరిచి ఆ పారాయణం వినేవారు. గురునాథంగారు కూడా మంచంమీద కూర్చుని, పెదవులు కదుపుతూ తమ గొంతును తామే అనుసరించేవారు.

పెట్టెను పూజగదిలో ఉంచడానికి కారణం లేకపోలేదు. ఈ ఊరి ఇనుప కర్మాగారాల మసి చేరని గది మా ఇంట అదొక్కటే. మసి చేరలేదు గాని, మా ఆవిడ సరోజిని శుక్రవారంనాడు వేసే సాంబ్రాణి ధూపం చేరింది. ఒకనాడు పెట్టెలోని ఫ్యాను గిలగిల కొట్టుకుని ఆగిపోయింది.

మా అల్లుడు యోగేష్ నవా రాయ్‌పూర్‌లోని ఒక డేటా సెంటర్‌లో ఉద్యోగి. పెట్టె మూత తీసి చూసి పకపక నవ్వాడు.

"మావయ్యగారూ, సర్వర్‌కు సాంబ్రాణి వేసే ఇల్లు దేశం మొత్తంమీద ఇదొక్కటే! హారతి కూడా ఇస్తున్నారా?"

"కార్తీకంలో ఇచ్చాను బాబూ" అంది సరోజిని, నిజాయితీగా.

"ఇంట్లో సర్వర్ పెట్టుకోవడమంటే నగలు బియ్యండబ్బాలో దాచుకున్నట్టే అత్తయ్యగారూ. మా దగ్గర ఏసీ, జనరేటర్, కాపలా అన్నీ ఉంటాయి."

"నా గాజులు బియ్యండబ్బాలోనే ఉన్నాయి. ఎక్కడికీ పోలేదే!"

నేను అడిగాను: "బియ్యండబ్బా మన చేతిలో ఉంటుంది బాబూ. అక్కడి తాళంచెవి ఎవరిది?"

"కంపెనీది. అయినా మీకెందుకు భయం, నేనున్నానుగా?"

అల్లుణ్ణి కాదనడం మా ఇంటా వంటా లేదు. సరే అన్నాను. అతడు గొంతునంతా తమ డేటా సెంటర్‌కు తరలించి, "పాతదాన్ని చెరిపేసి పాతసామాన్ల కబాడీవాడికి ఇచ్చేయండి" అని చెప్పి వెళ్లాడు. చెరపడం నాకు చేతకాదు. చేతనైనా చేసేవాణ్ణి కాను. ఇంతకాలం భగవత్కథ పలికిన వస్తువును పాత ఇనుముగా తూకం వేయిస్తామా? భిన్నమైన విగ్రహాన్ని సాగనంపినట్లు, ఆరంగ్ దగ్గర మహానదిలో నిమజ్జనం చేద్దామని నిశ్చయించాను. సరోజిని దానికి పసుపు కుంకుమలు పెట్టి, పసుపుగుడ్డలో చుట్టి, "అమావాస్య వెళ్లాక తీసుకెళ్దాం" అంది.

అమావాస్య వెళ్లనే లేదు. ఏకాదశినాడు తెల్లవారుజామున ఫోన్లన్నీ మూగబోయాయి. గురునాథంగారి కోడలు కల్యాణి ఫోను చేసి ఏడ్చింది. "ఫోను చెవి దగ్గర పెట్టుకుని అలాగే కూర్చున్నారు మావయ్యగారు. కాఫీ కూడా ముట్టడం లేదు."

యోగేష్‌ను అడిగితే అది వేరే విభాగం పని అన్నాడు. కంపెనీ నంబరుకు నేనే ఫోను చేశాను. అవతలి యువకుడు హిందీలో మర్యాదగానే మాట్లాడాడు. మర్యాద వెనుక మనిషి మాత్రం లేడు. రోజూ నాలుగున్నరకు, ఒకే నిమిషంలో, నలుదిక్కులనుండి వందల ఫోన్లు ఒక్కసారిగా వచ్చి పడుతున్నాయట. అది దొంగల దాడి అని వారి యంత్రం నిర్ణయించి తలుపు మూసిందట. విచారణ ముగిశాక లోపలున్నదంతా తొలగిస్తారట.

"దాడి కాదు నాయనా, పారాయణం. అది బ్రాహ్మీ ముహూర్తం."

"సర్, మామూలు మనుషులు అలా చేయరని సిస్టమ్ అంటోంది. మేమేం చేస్తాం, హమ్ క్యా కరేఁ?"

నా ఒళ్లు మండిపోయింది. "వేకువన లేచి దైవాన్ని తలుచుకోవడం మనుషులు చేసే పని కాదా! ఒకరు నమ్మి దాచిన సొమ్మును నిక్షేపమంటారు. అడిగిననాడు దాన్ని తిరిగి ఇవ్వనివాడు దొంగతో సమానమని ధర్మశాస్త్రం చెప్పింది. మీ యంత్రం మమ్మల్ని దొంగలనడమేమిటి? ఆ గొంతును మాకిచ్చి, ఆపైన మీ తలుపు ఎన్నాళ్లైనా మూసుకోండి!"

"పాలసీ హై సర్" అని ఫోను పెట్టేశాడు.

ఆ సాయంత్రం యోగేష్ తల వంచుకుని వచ్చాడు. పై అధికారులను బతిమాలినా ఫలితం లేకపోయిందట. "పాత పెట్టె చెరిపేశారా?" అని అడిగే ధైర్యం చాలక గడపలోనే నిలబడ్డాడు. సరోజిని పసుపుగుడ్డ మూట తెచ్చి అతని ముందు పెట్టింది.

అతడు ఈసారి నవ్వలేదు. కుంకుమ, సాంబ్రాణి మసి కుంచెతో దులిపి, కొత్త ఫ్యాను బిగించి, అందరి ఫోన్లనూ మళ్లీ దానికే కలిపాడు. దీపాలు పెట్టే వేళకు పెట్టెలోనుండి గురునాథంగారు గొంతు సవరించుకున్నారు. సరోజిని కళ్లొత్తుకుంది.

"దీని నకలు ఇంకెక్కడైనా కూడా ఉంచుదాం మావయ్యగారూ" అన్నాడతడు మెల్లగా.

"ఉంచండి బాబూ. కాని మూలం ఈ గడప దాటదు."

"సాంబ్రాణి మాత్రం..."

"వరండాలో వేస్తాను, సరేనా?" అంది సరోజిని.

మర్నాడు బ్రాహ్మీ ముహూర్తాన ఫోన్లన్నీ ఒక్కుమ్మడిగా వచ్చిపడ్డాయి. ముసలి పెట్టె ఉక్కిరిబిక్కిరైంది. పద్యం రెండు పాదాల మధ్య తెగి, మళ్లీ అందుకుంది. ఆ కాస్త ఆగిన చోట గురునాథంగారి పెదవులు ఆగలేదని తరువాత కల్యాణి చెప్పింది. మా పెట్టె తడబడిన మాట నిజమే. అయితే వచ్చినవారిలో ఒక్కరినీ అది దొంగ అనలేదు.